తోడికోడలి మైల

మా వీధిలో ఎవరినైనా అడగండి, శ్యామసుందరి మంచిదే గాని నోట్లో మాట లేదంటారు. మాట లేకపోవడమేమీ కాదు, ఖర్చు పెట్టదు, అంతే. మెల్‌బోర్న్ శివార్లలోని ఈ క్రెయిగీబర్న్‌లో మన తెలుగువాళ్ళం సాయంత్రం వాకింగుకి బయల్దేరితే రెండు రౌండెబౌట్లు దాటేలోగా ఒకరి పిల్లల మార్కులు, ఇంకొకరి వీసా, మూడోవారి మోకాళ్ళ నొప్పులు అన్నీ తేలిపోతాయి. శ్యామసుందరి మాతోపాటే నడుస్తుంది, అన్నీ వింటుంది, తన ఇంటి ముందుకు రాగానే "వస్తాను వదినా" అని లోపలికి పోతుంది. నాకు ఒళ్ళు మండేది. నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైనదాన్ని. వసుంధర కంట పడ్డది ఏదీ దాగదని మా ఆయన వేళాకోళం చేసేవారు. అలాంటి నాకే పక్కింట్లో ఉన్న మనిషి అంతు చిక్కలేదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత నేను చూసింది, కొంత రూత్ అనే ఆవిడ చెప్పింది, మిగతాది శ్యామసుందరి నోటి నుంచి నేను లాగింది.

ఆమెది బొబ్బిలి. అక్కడ చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసేది. భర్త ద్వారకానాథ్‌కి ఇక్కడ ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం వస్తే మెల్‌బోర్న్ చేరారు. కొడుకు వివేక్ కాన్‌బెర్రాలో, హారిసన్ అనే పేటలో ఉంటాడు. తల్లి తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్తాడు, ఆవిడా దానికి అలవాటుపడిపోయింది. అక్కడి టీచరు ట్రైనింగు ఇక్కడ చెల్లదన్నారు గనక, ఈ ఊరి బడిలో టీచరుకి సహాయకురాలిగా చేరింది. ఎయిడ్ అంటారు. టీచరు క్లాసు మొత్తానికి పాఠం చెప్తూ ఉంటే, ఆ పాఠం అందని ఒక్క పిల్ల పక్కన కూర్చునే పని అది.

ఆవిడ పనంతా చూపుడు వేలితోనే. చదవాల్సిన మాట కింద వేలు పెడుతుంది. పిల్ల ఆ మాట చదివేదాకా వేలు తియ్యదు. అందించదు, తొందరపెట్టదు, నిట్టూర్చదు. ఆ నిట్టూర్చకపోవడమే కష్టం. నేనైతే మూడో మాటకే పుస్తకం లాక్కుని నేనే చదివేసేదాన్ని.

ఇక్కడ జనవరి అంటే ఎండాకాలం, బళ్ళకి వేసవి సెలవులిచ్చేస్తే ఎయిడ్‌కి పనుండదు. రూత్ ఒకప్పుడు శ్యామసుందరి పనిచేసే బడిలోనే టీచరు. తరవాత కాల్‌ఫీల్డ్ వైపు వెళ్ళిపోయి, అక్కడ తమవాళ్ళైన యూదుల పిల్లలకి సెలవుల్లో ఒక కార్యక్రమం నడుపుతోంది. హైస్కూలు పిల్లలు. పొద్దున పూట తమ పాత ధర్మగ్రంథాలు చదివి వాదించుకుంటారు, మధ్యాహ్నం ఇంకో క్లాసు అయ్యాక సముద్రానికో ఆటలకో పోతారు. చదువులో వెనకబడే పిల్లల పక్కన కూర్చోవడానికి మనిషి కావాలని రూత్ అడిగింది.

"నాకు మీ భాష రాదు కదా" అంది శ్యామసుందరి.

"భాష వచ్చినవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు. కూర్చునేవాళ్ళే లేరు" అంది రూత్.

అలా క్రెయిగీబర్న్ నుంచి రైలెక్కి, ఊళ్ళో మారి, కాల్‌ఫీల్డ్ పోవడం మొదలైంది. ఎత్తయిన ఇనుప ఊచల గేటు, చెవిలో వైరు పెట్టుకున్న కాపలా కుర్రాళ్ళు, సంచీ విప్పి చూపిస్తేగాని లోపలికి పంపరు. పిల్లలు చదువుకునే చోట ఇంత కాపలా ఎందుకని అక్కడ ఎవరూ అడగరు, యూదులని ఎవరైనా దాడి చేస్తారేమోనన్న భయం అందరికీ తెలుసు. బయటి తిండి లోపలికి తేకూడదు. పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. "మా అత్తగారి మడి కన్నా నయమే వదినా" అంది నాతో. మధ్యాహ్నం ఎదురుగా ఉన్న పార్కులో బెంచీ మీద కూర్చుని తన పెరుగన్నం డబ్బా తినేసి వచ్చేది.

ఆమెకి అప్పజెప్పిన పిల్ల తాలియా. పద్నాలుగేళ్ళుంటాయి. కిందటి వేసవిలో తల్లి లేయా జబ్బుచేసి పోయింది. తాలియాకి అక్షరాలు నిలబడవు. ఇంగ్లీషులోనే తడబడుతుంది, ఇక కుడి నుంచి ఎడమకి చదివే హీబ్రూ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ళ పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్ని, ఆ అక్షరాలతో మొదలయ్యే భాగాలు ధర్మగ్రంథంలోంచి తీసి చదివి, సంవత్సరీకం రోజున పదిమంది పెద్దల ముందు ముగించాలి. ఆ పుణ్యం పోయినవాళ్ళకి చెందుతుందట. ఆ రోజు కూడా మన లెక్కలాగే చంద్రుణ్ణి బట్టి వస్తుందని రూత్ చెప్తే, "అయితే తిథి అన్నమాట" అని శ్యామసుందరికి వెంటనే బోధపడింది. లేయా తిథి ఆ ఏడాది కార్యక్రమం ఆఖరి గురువారం పడింది.

అంతకుముందు ఇద్దరు ట్యూటర్లు చేతులెత్తేశారు. ఒకాయన రికార్డింగు విని బట్టీ పట్టెయ్యమన్నాడట. పిల్ల ఒప్పుకోలేదు. "మా అమ్మ కోసం చదువుతానన్నాను. అప్పజెప్తానని అనలేదు" అంది. ఈ మాట విన్న రోజే శ్యామసుందరి ఆ పిల్లకి లోబడిపోయిందని నా అనుమానం.

ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. శ్యామసుందరి వేలు ఒక మాట కింద ఆగేది. తాలియా చదివేది, తప్పేది, మళ్ళీ చదివేది. "దీనర్థమేంటి?" అని ఈవిడ అడిగేది. పరీక్ష కోసం కాదు, నిజంగానే తెలీక. అర్థం చెప్పాలంటే మాట సరిగ్గా చదవాలి గనక పిల్ల తన తప్పు తానే పట్టుకునేది. ఒక భాగం దారిలో దొరికిన వస్తువుల గురించి. ఏది ఉంచుకోవచ్చు, దేనికి యజమాని కోసం నలుగురిలో చాటాలి అని. "మా ఊళ్ళో అయితే టముకు వేయించేవాళ్ళు" అని శ్యామసుందరి బల్ల మీద వాయించి చూపిస్తే, తాలియా నవ్విందట. తల్లి పోయాక ఆ పిల్ల నవ్వగా చూడలేదని రూత్ నాతో అంది. లేయా పేరుకి హీబ్రూలో మూడక్షరాలు. రెండో వారానికి రెండు పూర్తయ్యాయి. ఒక్కటే మిగిలింది.

ఆఖరి వారం, సోమవారం మధ్యాహ్నం శ్యామసుందరి పార్కులో అన్నం డబ్బా మూత తీసేసరికి ద్వారకానాథ్ ఫోను చేశాడు. బొబ్బిలిలో హైమావతి పోయింది. తెల్లవారి లేచి, కాఫీ పెట్టుకుని, అక్కడే కూలబడిపోయిందట.

హైమావతి ద్వారకానాథ్ అన్నగారి భార్య. శ్యామసుందరికి తోడికోడలు. తోడికోడళ్ళంటే కత్తులు నూరుకునేవాళ్ళని మనకో పేరు పడిపోయింది. వీళ్ళిద్దరూ అందరికీ వడ్డించాక మిగిలిన కూర ఒకే గిన్నెలో కలుపుకుని తినేవారట. శ్యామసుందరి పెళ్ళయి వచ్చేసరికి చదువు సగంలో ఉంది. "కోడలికి చదువేటి" అని అత్తగారంటే, "ఇద్దరి పనీ నాను చేస్తాను, దాన్ని ఒగ్గీండి" అని హైమావతి పూచీపడింది. ఈవిడ టీచరు ట్రైనింగుకి విజయనగరం వెళ్ళినన్నాళ్ళూ వివేక్‌ని ఆవిడే పెంచింది. వాడు ఇద్దరినీ అమ్మా అనే పిలిచేవాడు.

డబ్బా మూత పెట్టేసి, పార్కు కుళాయి దగ్గర మొహం కడుక్కుని, శ్యామసుందరి తిరిగి లోపలికి వెళ్ళింది. క్లాసు మొదలైపోయింది. తాలియా ఆఖరి భాగం తెరిచి పుస్తకం ఆమె వైపు జరిపింది. శ్యామసుందరి వేలు చాపింది. పుస్తకానికి తగలబోయే ముందు చెయ్యి చటుక్కున వెనక్కి తీసేసుకుంది.

మైల వచ్చింది కదా. భర్త వంశంలో చావు. పదకొండో రోజు శుద్ధి స్నానం అయ్యేదాకా గుడికి వెళ్ళకూడదు, దీపం పెట్టకూడదు, దేవుడి పుస్తకం తాకకూడదు. ఆ పుస్తకం మనది కాకపోతేనేం, వాళ్ళకి దేవుడే. కింద పడితే కళ్ళకద్దుకుని ముద్దు పెట్టుకునే పుస్తకాన్ని తను మైలచేత్తో ఎలా తాకుతుంది? ఆ నిమిషంలో ఆమెకి తోచింది అంతే. కుర్చీ కూడా కాస్త దూరంగా జరుపుకుంది.

ఆ సాయంత్రం వాళ్ళ డ్రైవ్‌వేలో ద్వారకానాథ్ సూట్‌కేసు కారులో పెడుతుంటే చూసి నేను గబగబా వెళ్ళాను. శ్యామసుందరి తలుపు దగ్గరే చెయ్యి అడ్డంపెట్టింది.

"మాకు మైలొచ్చింది వదినా. లోపలికి రాకండి, మళ్ళీ మీరు తలస్నానం చెయ్యాలి."

అంత కావలసిన మనిషి పోతే ఈవిడ నాతో అన్న మొదటి మాట అది. ద్వారకానాథ్ చెప్తేగాని ఎవరు పోయిందీ నాకు తెలియలేదు. ఆయన కర్మకాండకి ఆ పూటే బయల్దేరి వెళ్ళాడు. దహనం ఎలాగూ అందదు, అయినా ఈవిడా వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. గురువారం పిల్ల చదవాలి, మాటిచ్చానంది.

"పోనీ రెండు రోజులు సెలవు పెట్టుకుని ఇంట్లో కూర్చో" అన్నాను.

"ఏటని చెప్పి పెట్టమంటారు వదినా? వాళ్ళకి అమ్మ, నాన్న, సిస్టర్, బ్రదర్ అయితే తెలుస్తాది."

నిజమే. ఇంగ్లీషులో ఈ చుట్టరికానికి పేరు లేదు. ఏదో ఇన్-లా అనాలి, అంటే అవతలివాళ్ళు ఓహో అని ఊరుకుంటారు. పేరులేని మనిషి కోసం ఎంతసేపని ఏడుస్తాం? అక్కడితో ఊరుకోకుండా నేను మైల మీద కూడా నా అభిప్రాయం చెప్పాను. ల్యాబులో పనిచేసినదాన్ని, చేతికి అంటేది ఏదో అంటనిది ఏదో నాకు తెలుసు, ఆ పిల్లలకి నీ మైల సంగతి తెలియనే తెలియదు, తెలియనివాళ్ళకి మైలేమిటని.

"వాళ్ళకి తెలీదు వదినా. నాకు తెలుసును కదా" అంది. నేను కోపంగా ఇంటికొచ్చేశాను.

మర్నాటి నుంచి ఆమె క్లాసుకి వెళ్తూనే ఉంది. మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. "చదువు" అనేది. "ఎక్కడ?" అని తాలియా అడిగితే, "నువ్వే చూసుకో, నీకు వచ్చు" అనేది. అందరూ ప్రార్థన హాల్లోకి వెళ్తుంటే మోకాలు నొప్పి అని వరండాలో ఆగిపోయేది. వాళ్ళు ఇచ్చే రొట్టె తీసుకోలేదు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. ఏ పిల్ల కోసం ఆగిపోయిందో ఆ పిల్లకే దూరంగా కూర్చుంది.

తాలియా వైపు నుంచి చూడండి. తల్లి పోయినప్పటి నుంచి దగ్గరికొచ్చినవాళ్ళంతా ఏదో ఒక సాకుతో దూరం జరిగారు. ట్యూటర్లు జరిగారు, స్నేహితులు జరిగారు. ఇప్పుడు ఈవిడ, నిన్నటిదాకా భుజానికి భుజం ఆనించి కూర్చున్న మనిషి, అంటుజబ్బు మనిషి పక్కన కూర్చున్నట్టు కూర్చుంటోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. బుధవారం పొద్దున పిల్ల పుస్తకం మూసేసి రూత్ దగ్గరికి వెళ్ళింది. "శ్యామాకి కూడా విసుగొచ్చేసింది. పైకి చెప్పడం లేదంతే. నేను రేపు చదవను, మా నాన్నకి చెప్పెయ్యండి" అంది.

రూత్ శ్యామసుందరిని తన గదికి పిలిచింది. కోపంగానే పిలిచానని తరవాత నాతో అంది. "ఆ పిల్లంటే నీకు అసహ్యమా?" అని సూటిగా అడిగింది. శ్యామసుందరి నిర్ఘాంతపోయింది. మింగలేక కక్కలేక చివరికి చెప్పింది. మా ఆయన అన్నగారి భార్య విషయంలో కబురొచ్చింది, మాకు మైల, అందుకని పుస్తకం ముట్టుకోకూడదు అని.

"అయ్యో. బాగా దగ్గరా మీరిద్దరూ?" అని రూత్ అడిగింది.

ఆ ప్రశ్నకి ఏం చెప్తుంది? ఇంగ్లీషులో మాటలు వెతుక్కుని, "ఇద్దరం బయటి నుంచి ఒకే ఇంటికి వచ్చాం. ఆవిడ ముందొచ్చింది" అంది.

రూత్‌కి అది చాలింది. కుర్చీలో కూర్చోబెట్టింది. "మేమూ శ్మశానం నుంచి వస్తే చేతులు కడుక్కోకుండా గడప దాటం" అంది. "దగ్గరివాళ్ళు పోతే మా దగ్గర వారం పాటు ధర్మగ్రంథం చదవకూడదు కూడా. నువ్వు చెప్పే కారణానికి కాదు. చదివితే మనసుకి సంతోషం కలుగుతుంది, దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఆ సంతోషం తగదని. ఇంటికి వెళ్ళు శ్యామా. ఇలాంటప్పుడు జనం నీ దగ్గరికి రావాలి, నువ్వు జనం దగ్గరికి రాకూడదు."

శ్యామసుందరి ఒక్కటే అడిగింది. పిల్లకి చెప్పొద్దు అని.

ఇది అచ్చంగా మన బుద్ధి. పెళ్ళి ముందు ఎవరైనా పోతే కబురు దాచిపెట్టి, అప్పగింతలయ్యాక మెల్లిగా చెప్తాం. మంచి పని చేయబోయేవాళ్ళ చెవిన చావు మాట వెయ్యకూడదని. రేపు పిల్ల తల్లి తిథి, ఈ పూట నా చావు కబురు ఎందుకని ఈవిడ లెక్క. అవతల ఉన్నది చావుని ఏడాదిపాటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్ల అని తోచలేదు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

"నా అంతట నేను చెప్పను. అడిగితే మాత్రం అబద్ధమాడను" అంది రూత్.

తాలియా అడగక మానుతుందా? ఖాళీ కుర్చీ చూడగానే అడిగింది.

ఆ సాయంత్రం నేను అన్నం, చారు పట్టుకుని శ్యామసుందరి ఇంటికి వెళ్ళాను. ఈసారి చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. తలస్నానమే కదా, నా జుట్టు ఎంతని, చేస్తానులే అన్నాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునుండగా ఆమె ఫోన్‌కి రూత్ నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. తాలియా గొంతు.

"శ్యామా, నువ్వు నాకు చెప్పాల్సింది. అమ్మ పోయినప్పటి నుంచి నా ముందు ఎవరూ ఆ మాటెత్తరు. నేను గదిలోకొస్తే మాట మార్చేస్తారు. నువ్వు మార్చవనుకున్నాను. ఇక్కడున్న పిల్లలందరిలో మనిషి పోతే ఎలా ఉంటుందో తెలిసింది నాకొక్కదానికే. నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు?" ముక్కు చీదిన చప్పుడు. "నన్ను చూసే దూరం జరిగావనుకున్నాను. రేపు నువ్వుంటేనే చదువుతాను. పుస్తకం ముట్టుకోవద్దులే. ఉండు, చాలు."

శ్యామసుందరి దాన్ని మళ్ళీ పెట్టి విన్నది. మూడోసారి పెడుతుంటే నేనే ఫోను తీసి పక్కన పెట్టాను. "పొద్దున నేను తీసుకెళ్తాను" అన్నాను.

"లోపలికైతే వెళ్ళను వదినా. గేటు బయట నిలబడతాను."

వాదించకుండా సరేనన్నాను. నాకు అది అలవాటు లేని పని.

గురువారం ఎండ దంచేస్తోంది. ఊరు దాటి, టోల్ రోడ్డు దాటి కాల్‌ఫీల్డ్ చేరేసరికి నా చేతులు స్టీరింగుకి అంటుకుపోయాయి. గేటు దగ్గర కాపలా కుర్రాడు మమ్మల్ని చూసి, శ్యామసుందరిని గుర్తుపట్టి, గేటు తీశాడు. ఈవిడ కదల్లేదు.

"ఇక్కడే ఉంటాను" అంది.

"గేటు ముందు ఎవరూ నిలబడకూడదండీ. లోపలికైనా రండి, లేదా వెళ్ళిపోండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నాకు కోపమొచ్చింది. ఈవిడ ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తోందో తెలుసా, ఎంత దూరం నుంచొచ్చామో తెలుసా అని మొదలుపెట్టాను. వాడు నా మాట వింటూనే రోడ్డు మీద పోయే ప్రతి కారునీ చూస్తున్నాడు. అది చూశాక నేను పక్కకి జరిగాను. వాడి పని వాడిది. మా అబ్బాయి వయసు ఉంటుంది.

రూత్ బయటికొచ్చింది. శ్యామసుందరి లోపలికి రానంటోంది. పిల్లల్ని గుంపుగా బయటి ఫుట్‌పాత్ మీదికి పంపే వీల్లేదు. ఎవరి నియమం వారిది, రెండూ చావుని చూసి పెట్టుకున్నవే. రూత్ శ్యామసుందరినీ కాపలా కుర్రాణ్ణీ మార్చి మార్చి చూసింది. తరవాత కాపలా కుర్రాడితో ఏదో మాట్లాడింది. వాడు చెవిలో వైరు నొక్కుకుని ఎవరితోనో మాట్లాడి, రూత్‌ని లోపలికి పంపి గేటు మూసేశాడు. మూసేసి, మాతోపాటు బయటే ఉండిపోయి, మాకు వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. "రెండు నిమిషాలు" అన్నాడు.

రూత్ వెంట అందరూ గేటు లోపలి వైపుకి వచ్చారు. తాలియా, వాళ్ళ నాన్న, కొందరు టీచర్లు, వంటింట్లోంచి ఇద్దరు ఆప్రాన్లతోనే, కర్ర పట్టుకున్న ఒక తాతగారు. పదిమంది పెద్దలూ అయ్యాక రూత్ తల ఊపింది. మిగతా పిల్లలు వెనక నిలబడ్డారు. నేను తాలియాని చూడడం అదే మొదలు. సన్నగా, పొడుగ్గా, మొహం నిండా మచ్చలు. గేటుకి ఎంత దగ్గరగా రాగలదో అంత దగ్గరగా వచ్చి, శ్యామసుందరి ఎదురుగా ఆగి పుస్తకం తెరిచింది. తన వేలు తనే పెట్టుకుంది.

చదివింది. నాకు ఒక్క ముక్క తెలియదు, కాని ఆగడం తెలుస్తుంది కదా. రెండు వరుసలు సాగి ఆగిపోయింది. వేలు ఒక మాట కింద ఉంది, పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎండలో అందరూ కదలకుండా నిలబడ్డారు. తండ్రికి ఆ మాట తెలుసు, నోటిదాకా వచ్చేసింది, ఆయన కూతురి వైపు వంగాడు. ఊచల ఇవతల నుంచి శ్యామసుందరి ఆయన్ని చూసి తల అడ్డంగా ఆడించింది. అందించొద్దని. ఆయన ఆగిపోయాడు. కన్నకూతురికి ఒక్క మాట అందించకుండా నిలబడడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నేను చూశాను.

తాలియా చదివింది. తప్పు చదివి, వెనక్కెళ్ళి, మళ్ళీ చదివింది. ఆ తరవాత ఆగలేదు.

ముగిశాక తండ్రి వాళ్ళ ప్రార్థన చెప్పాడు. మధ్యలో అందరూ ఆమేన్ అన్నారు. అయిపోయిందనుకుని నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. తాలియా పుస్తకం గుండెకి ఆనించుకుని ఇంగ్లీషులో అంది:

"ఇది మా అమ్మ లేయా కోసం. శ్యామాకి కూడా ఒకరు పోయారు. వాళ్ళని ఏమనాలో మన దగ్గర మాట లేదు. ఇద్దరూ బయటి నుంచి ఒకే ఇంటికి వచ్చారు. ఆవిడ ముందు వచ్చింది. ఆవిడ పేరు..." అని శ్యామసుందరి వైపు చూసింది.

"హైమావతి" అంది శ్యామసుందరి.

తాలియా ఆ పేరు ఒకసారి లోపల అనుకుని, పైకి అంది. తప్పు లేకుండా అంది. "హైమావతి కోసం కూడా."

తాతగారు ముందుగా, తక్కినవాళ్ళు ఆయన వెనక, ఆమేన్ అన్నారు.

శ్యామసుందరి రెండు చేతులతో ఊచలు పట్టుకుంది. మైలొచ్చింది అంది, కబురొచ్చింది అంది, మొదటి రోజు నుంచీ ఈ రెండు మాటలతోనే నెట్టుకొచ్చింది. అసలు మాట నాతోనూ అనలేదు, ఫోన్లో కొడుకుతోనూ అనలేదు. ఇప్పుడు ఒక్క ముక్క తెలుగు తెలియని ఆ పిల్లతో తెలుగులో అంది.

"మా అక్క పోయిందమ్మా."

అన్నాక ఏడ్చింది. పార్కులో మొహం కడుక్కుని ఆపుకున్నదంతా బయటికొచ్చింది. పెద్దగా, నలుగురూ వినేట్టు, బొబ్బిలిలో ఆ ఇంటి వాకిట్లో ఉంటే ఎలా ఏడ్చేదో అలా ఏడ్చింది. తాలియా ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. లోపలున్నవాళ్ళు ఎవరూ మాట మార్చలేదు, ఊరుకోమని అనలేదు, వెళ్ళిపోలేదు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. కాపలా కుర్రాడు రోడ్డు వైపే చూస్తూ అలాగే నిలబడ్డాడు.